ఎవరితోని వచ్చినవ్

హుజూరాబాద్ దాటంగనే కండక్టర్ అడిగిండు
"ఎంతమంది?"
ఆధార్ కార్డు చూపెట్టిన. ఒక్కదాన్నే అన్న.
జీరో టికెట్ చింపి చేతుల వెడుతూ
నా పక్క సీటు దిక్కు మల్లొక్కసారి చూసిండు.
అక్కడ నా సంచి కూసున్నది.
సంచిల ఒక చీర, సద్ది, నీళ్ల సీసా.
కొంగు ముడిల ఆరు వందల నలభై.

పదకొండేండ్లు బడి వంటింట్ల విన్న పాఠం అది.
పొగ బయటికి పోయే కిటికీల నుంచే
సదానందం సార్ గొంతు లోపటికొచ్చేది.
ఓరుగల్లు, మట్టికోట, రాతికోట, తోరణాలు.
పోపు చిటపటలల్ల కొన్ని మాటలు పోయేటియి.
ఆ పోయిన మాటల కోసమే అనుకోరాదుండ్రి
ఈ ఎండల ఈ పయనం.

చౌరస్తా కాడ మూడు లాడ్జీలు తిరిగిన.
మొదటోడు రూములు లేవన్నడు,
వాని వెనుక మేకులకు తాళంచెవులు ఊగుతనే ఉన్నయి.
రెండోడు రేటు చెప్పిండు, మెట్లు నేనే దిగిన.
మూడోడు నిమ్మళంగ అడిగిండు
"ఎవరితోని వచ్చినవమ్మా?"
బస్సుతోని, అన్న.
నవ్వలే.

కోట కాడ ఒక పిలగాడు వెంబడి వడ్డడు,
"మూడు వందలియ్యి పెద్దమ్మా, చరిత్రంత చెప్త."
చరిత్ర నాకు నోటికొచ్చు బిడ్డా,
చూసుడే తక్కువ వడ్డది.

లోపట రాళ్లు వరుసగ పరిచిండ్రు.
సగం ఏనుగు. మెడ లేని హంస.
కంకణమున్న ఒక చెయ్యి, మనిషి లేదు.
ఒక్కోదాని మీద రంగుతోని నంబరు.
నూటెనభై ప్లేట్లు కడిగి ఎండకు బోర్లించి
నేను గూడ గిట్లనే లెక్కవెడుత,
ఒకటి తక్కువైతే ఆ రాత్రి నిద్ర రాదు.
ఇక్కడ తక్కువైనయి ఎన్నో,
ఎవరికి నిద్ర వస్తలేదో.

తోరణం కాడ నిలవడ్డ.
తలుపు లేదు. ఇటు గోడ లేదు, అటు గోడ లేదు.
పక్కపొంటి పోవచ్చు, అందరు అట్లనే పోతండ్రు
సెల్ఫోన్లు మొహాలకు అడ్డం వెట్టుకొని.
నేను నడిమిట్ల నుంచే పోయిన,
చెప్పులు చేతుల వట్టుకొని,
బండ కాలుతాంటే మల్ల తొడుక్కొని.
నాలుగు దిక్కుల నాలుగు.
నాలుగిట్ల నుంచి లోపటికొచ్చిన,
ఒక్కసారి గూడ ఎవ్వరు
ఓదెమ్మా, అన్నం అయ్యిందా అని అడగలే.

గోడకు గోడకు నడుమ దున్నిన చెలక,
రేకుల కప్పు మీద మిరపకాయలు.
మొగిలమ్మ అంట, కుండల నీళ్లు ముంచిచ్చింది.
ఆమె గూడ అడిగింది అదే మాట.
నేను చెప్పేలోపే
"మంచి పని చేసినవ్ అక్కా" అన్నది,
"నేను ఈ కోటలనే పుట్టిన,
ఖుష్‌మహల్ లోపటికి ఇంకా పోలే.
రేపు పోదాం, రేపు పోదాం అనుకుంటనే
మనుమరాలు పుట్టింది."

రాత్రి టేషన్ల కాజీపేటకు టికెట్ కొన్న.
అన్నిట్ల చౌకది అదే. ఎక్కేది లేదు.
ఆడోళ్ల వెయిటింగ్ హాల్ల సంచి తలకింద వెట్టుకొని
ఫ్యాన్ కింద కాళ్లు బార్ల జాపి పన్న.
ఢిల్లీ పోయే బండ్లు బల్లను ఊపి పోతున్నయి.
ఇంట్ల గూడ ఇంత జాగ
నాకొక్కదానికే ఎప్పుడు దొరికింది.

పొద్దుగాల లెక్క చూసుకున్న.
ఇడ్లీ, చాయ్, ఆటో, కోట టికెట్టు,
మొగిలమ్మ మనుమరాలికి గాజులు.
ఇంకా రెండు వందల పన్నెండు మిగిలినయి,
ఎటన్న పోవడానికి.

జూన్ల బడి తెరుస్తరు.
పప్పు పొయ్యి మీదికి ఎక్కుతది,
సార్ ఆ పాఠం కాడికి వస్తడు.
"ఇప్పుడక్కడ ఏం లేదు పిల్లలూ, ఖాళీ రాళ్లే"
అంటడు, యేటా అన్నట్లే.
అప్పుడు గంటెతోని గోడను కొడుత, రెండుసార్లు.
సార్,
మీరెప్పుడు పోయిండ్రు?
ఎవరితోని?