పదిహేడో సున్నా

హార్లన్స్ ఫెర్రీలో మొదటి బేస్‌బాల్ జట్టు బొగ్గు కంపెనీది.
పేరు బ్రేకర్స్.
కంపెనీ దివాలా తీశాక అవే చొక్కాలకు రంగు వేయించి
పట్టు మిల్లు వాళ్ళు స్పిన్నర్స్ అన్నారు.
ఉతికిన కొద్దీ
కొత్త పేరు కింద నుంచి పాత పేరు తేలేది.

మైదానం కింద గని.
ఏటా ఒక బెత్తెడు కుంగేది సెంటర్ ఫీల్డ్.
నాకు ఊహ తెలిసేనాటికి అక్కడ నిలబడ్డ ఆటగాడు
హోమ్ ప్లేట్ నుంచి చూస్తే నడుము పైకే ఉండేవాడు.
కాళ్ళు, కింద షిఫ్టులో ఉన్న వాళ్ళ నాన్నకు
అప్పిచ్చాడనేవాళ్ళు బెంచీల మీద.

మా నాన్న స్టెఫాన్ హ్రింకోకు రెండు పనులు.
ఆటకు ముందు సున్నంతో గీతలు గీయడం,
ఆట నడుస్తుంటే బోర్డు వెనక నిచ్చెనెక్కి
రేకు అంకెలు తగిలించడం.
ఆయన మోకాలు గనిలో పోయాక నిచ్చెన నాకొచ్చింది.
అప్పుడు నాకు పదకొండేళ్ళు.
లోపల పిచ్చుక గూళ్ళు, తారు వాసన,
ముట్టుకుంటే చుర్రుమనే రేకులు.
కన్నంలోంచి ఆట నాణెమంత.

తొమ్మిది ఎప్పటికీ కొత్తదే.
ఏడు మీద పెయింటు పెచ్చయినా లేవలేదు.
అరిగేవన్నీ సున్నాలే.
బోణీ కాని ఇన్నింగ్స్‌తోనే
సగం గడిచిపోతుంది ఈ ఆటకు.
మా దగ్గర పదహారుండేవి. ఎప్పుడూ చాలేవి.

లీగు ఆట లేని ఒక గురువారం
రెండు కార్లలో పదకొండు మంది దిగారు.
రావెన్స్. నల్లజాతి ఆటగాళ్ళ జట్టు,
ఊరూరా ఆడుతూ పోయేవాళ్ళు.
మైదానం అద్దె నలభై డాలర్లు, ముందే ముట్టాయి.
స్నానాల గదికి తాళం.
పంపు దగ్గరే బట్టలు మార్చుకున్నారు,
కార్ల తలుపులు చాటు పెట్టుకుని.

ఎజ్రా టాలివర్ బంతి పట్టుకున్నాడు.
చెయ్యి వెనక్కి తీస్తే
గిలక మీద తాడు జారినంత నింపాది.
విడిస్తే, చప్పుడు ముందు. బంతి ఎప్పుడొచ్చిందో
స్పిన్నర్స్‌కి తెలిసేది కాదు.
ఒకటో ఇన్నింగ్స్ సున్న చుట్టాడు, రెండు, మూడు.
ఏడులో రావెన్స్‌కి ఒక్క పరుగు.
అదొక్కటే ఒకటి. మిగతా గడులన్నీ గుండ్రన.
ఎనిమిది ముగిసి, తొమ్మిదిలో వాళ్ళ గడి కూడా నింపాక
పెట్టెలో చెయ్యి పెడితే
చెక్క తగిలింది.

నాన్నా, సున్నాలైపోయాయి! అని అరిచాను.
కింద ఆయన బకెట్ వైపు చూశాడు,
తన బూట్ల మీదే సున్నం ఒలికిపోతున్నా
మూత పీకి పైకి విసిరాడు.
రంగు వేసే పని లేదు, సున్నం మూత అప్పటికే తెల్లగా ఉంది.
ఆఖరివాడు గాలిని కొట్టి వెనుదిరిగాక
దాన్ని తగిలించాను.
సున్నమే సున్నా.

మూడు వందల మందిలో చప్పట్లు కొట్టింది
మిల్లులో దారం చుట్టే ఆల్టా ప్రిచర్డ్ ఒక్కతే.
రెండుసార్లు కొట్టి, చుట్టూ చూసి,
చేతులు ఒళ్ళో పెట్టుకుంది.
శుక్రవారం పేపర్లో చర్చి వాళ్ళ పై అమ్మకాల గురించి వేశారు.

తర్వాత మిల్లు మూతపడింది.
ఒక జూన్ వరద బెంచీలన్నీ ఊడదీసి
వంతెన కింద కుక్కింది.
ఇప్పుడక్కడ టైర్ల దుకాణం. వాన పడితే
సెంటర్ ఫీల్డ్ ఉన్న చోట ఇంకా నీళ్ళు నిలుస్తాయి.
మూల మీద కంచు ఫలకం,
బ్రేకర్స్ ఇన్నేళ్ళు, స్పిన్నర్స్ ఇన్నేళ్ళు.
గురువారాలు లేవు.

లైబ్రరీ నుంచి ఒకబ్బాయి వచ్చాడు, చరిత్ర రాస్తున్నాడట.
రాతపూర్వకంగా ఏమైనా ఉందా అన్నాడు.
వంటింట్లోకి తీసుకెళ్ళాను.
పాత పొయ్యి గొట్టం తీసేసిన కంత మీద
మేకుకు వేలాడుతున్న మూత చూపించాను.
ఇదేమిటి?
ఎజ్రా టాలివర్, తొమ్మిదో ఇన్నింగ్స్.
మర్యాదగా నవ్వాడు. కాఫీ తాగాడు.
ఆధారం లభ్యం కాలేదు అని రాసుకున్నాడు,
అక్షరాలు మంచివే.

నది మీంచి గాలి లేచిన రాత్రుళ్ళు
మూత గోడకు కొట్టుకుంటుంది.
లేచి సర్ది వచ్చి పడుకుంటాను.
నిచ్చెన అక్కర్లేని ఎత్తే.