గెలాక్సీ జే టూ

తొమ్మిదింటికి హాజరు పిలిచేదాన్ని.
మలక్‌పేటలో మా వంటింటి పక్క గదిలో
బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని
నలభై మూడు నల్లటి గళ్ళను
పేరు పేరునా పిలిచేదాన్ని.

గడిలో మొహం ఉండదు, ఒక అక్షరం ఉంటుంది.
కొన్నిటికి అదీ సొంతం కాదు:
రాజు ఆటో. మమ్మీ ఫోన్.
జై భవానీ టెంట్ హౌస్.
ఒక గడి పేరు గెలాక్సీ జే టూ.

ఫిజిక్స్ చెప్పేదాన్ని కదా, నవ్వొచ్చింది.
నా క్లాసులో ఓ పాలపుంత ఉందన్నమాట.

ఆ పాలపుంత రోజూ తొమ్మిదీ నలభైకి మాయం.
లెక్క సగంలో ఉంటుంది,
లేని సుద్దముక్కను వేళ్ళింకా పట్టుకునే ఉంటాయి,
టక్కున గడి ఆరిపోతుంది.

మూడో వారం అనేశాను అందరి ముందూ:
"గెలాక్సీ గారూ, ఇంటర్వెల్ అయిందా?"
చాట్‌లో నాలుగు నవ్వు బొమ్మలు రాలాయి.
గడి ఏమీ అనలేదు.
నేను వెళ్ళి టీ పెట్టుకున్నాను.

తర్వాతి గురువారం
ఆ గడి మైకు ఆపడం మరిచింది.
నా పాఠం వెనక ఇంకో పాఠం వినిపించింది.
"దయచేసి తలుపు మూయండి" అని
అలసట లేని లిఫ్టు గొంతు,
వెనక్కొస్తూ కూసే నీళ్ళ ట్యాంకరు,
ఎవరో పెద్దావిడ:
"మెట్ల మీద కూర్చోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"
"ఇగ రెండు నిమిషాలమ్మా" అని ఒక పిల్ల,
బతిమాలుతూ కాదు, అలవాటుగా.
అంతలో ఓ మగగొంతు:
"నవనీతా, ఫోన్ తే బిడ్డా,
మూడొందల రెండోళ్ళు చేస్తున్నరు."

తొమ్మిదీ నలభై.

రిజిస్టరు తిరగేశాను.
కావలి నవనీత, తండ్రి కావలి నర్సింలు,
ఊరు మద్దూరు, ఇప్పుడు నిజాంపేట.
ఇంటి నంబరు రాయాల్సిన చోట
సెల్లార్ అని రాసి ఉంది.
ఇంటిపేరూ కావలి, చేసేదీ కావలి.
ఏం కావాలని మాత్రం
నేనొక్కసారీ అడగలేదు.

ఆ రాత్రి అడిగాను.
సెల్లార్లో సిగ్నల్ రాదట.
రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ నడుమ
ఆరో మెట్టు మీద రెండు గీతలొస్తాయట,
ఏడో మెట్టు మీద ఒక్కటీ రాదట.
"ఎందుకు మేడమ్ అట్ల?"

ఇరవై రెండేళ్ళుగా తరంగాలు చెప్తున్నాను,
ఇంత మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు.
గోడకు తగిలి తిరిగొచ్చేదీ ఎదురొచ్చేదీ
ఒకచోట కలిసి పెరుగుతాయి,
జానెడు పక్కనే ఒకదాన్నొకటి మింగేస్తాయి
అని మొదలుపెట్టానో లేదో
"గేటు కొడుతున్నరు మేడమ్" అంది.

ఇంటర్వెల్ మాటకు ఏమీ అనుకోవద్దన్నాను.
"ఏ మాట మేడమ్?" అంది.
మరిచిపోయిందో,
అదీ అలవాటేనో.

ఇప్పుడు హాజరు పిలవను.
ఆ ఏడు నిమిషాలు ఎవరి డేటానో.
కష్టమైన లెక్క ముందే చెప్పేస్తాను,
మిగిలింది మూడు నిమిషాల ముక్కలుగా
గొంతులో రికార్డు చేసి పంపుతాను,
గేటుకు తాళం పడ్డాక
ఫోను నవనీతదయ్యే వేళకు.

మిగతా గళ్ళకూ ఒక్కొక్కటిగా ఫోన్ చేశాను.
టెంట్ హౌస్ వాళ్ళ ఇలియాజ్
"పెళ్ళిళ్ళే లేవు మేడమ్, ఎప్పుడు చెప్పినా వింటా" అన్నాడు.
మమ్మీ ఫోన్‌లో వింటున్నది నిజంగా మమ్మీయేనట.
కొడుకు లేవడు, నోట్స్ ఆవిడే రాస్తోంది,
ఓమ్ నియమం దగ్గర ఒక సందేహం ఉందంది.
చెప్పాను.

తొమ్మిదీ ముప్పై తొమ్మిదికి నేనే ఆగుతాను.
"నవనీతా, మిగతాది రాత్రికి."
గడి మీద ఇంకా గెలాక్సీ అనే ఉంది.
పేరు మార్చుకోమంటే
"నాన్న ఫోన్ కదా మేడమ్" అంటుంది.

రాజు ఆటో ఇప్పటిదాకా ఎత్తలేదు.
మళ్ళీ చేస్తున్నాను.
మోగుతోంది.