చరణం దాకా

ఖాజీపేట నుంచి కడపకు
పీరావలి ఏడు సీట్ల ఆటోలో పదకొండు మందిమి,
రేడియోతో పన్నెండు.
దాని తిరగలి ఊడిపోయి ఎన్నాళ్లయిందో,
అగ్గిపుల్ల గుచ్చి తిప్పుతాడు.
స్టేషన్ మారదు. మార్చమని అడిగినోళ్లూ లేరు.

మొదట మార్కెట్ ధరలు.
పసుపు కొమ్ములు క్వింటాలు ఇంత, కాయ ఇంత.
ఉల్లి పడిపోయిందన్న మాట మాత్రం ప్రసూన
ఆసుపత్రి వరండాలో డాక్టరు చెప్పినట్టు
గొంతు తగ్గించి చెబుతుంది.
వెనక సీట్లో ఓబులేసు తువ్వాలుతో మొహం తుడుచుకుని
"ఆయమ్మ మాత్రం ఏం చేస్తాదిలే" అంటాడు.

పెన్న వంతెన ఎక్కగానే
ఆమె గొంతు ఇసుకలో దిగబడుతుంది.
గరగర, గుసగుస, నడుమ ఒక్క "మరియు".
ఈవలి గట్టుకు వచ్చేసరికి వాతావరణం అయిపోయి ఉంటుంది.
అందుకే మా ఆటోలో ఎవరి దగ్గరా
గొడుగు ఉండదు.

చెన్నూరు దాటాక, కోరిన పాట.
పాట కన్నా కోరినోళ్లే పొడుగు:
ఎర్రగుంట్ల నుంచి మస్తానమ్మ, ఆమె చెల్లెలు,
చెల్లెలి పిల్లలు చింటూ, పండు,
సిద్ధవటం నుంచి టైలర్ దస్తగిరి, మిత్రబృందం,
ఖాజీపేట నుంచి
పేరు రాయని శ్రోత.
అక్కడ ప్రసూన ఒక ఊపిరి ఆగుతుంది.
మేం ఒకరి మొహాలొకరం చూసుకుంటాం.
పీరావలి అద్దం తుడుస్తాడు,
పొద్దున్నే తుడిచిన అద్దాన్ని.

పల్లవి అయ్యేసరికి అప్సర సర్కిల్.
చిల్లర చేతిలో పెట్టి దిగాలి.
ఆరేళ్లుగా జిరాక్సు షాపుకు వస్తున్నా,
నాకొచ్చిన పాటలన్నీ పల్లవి వరకే.
చరణాలు పాత బస్టాండు వైపు
వెళ్లిపోతాయి, నేను లేకుండా.

మొన్న ఏదో ఊరేగింపు.
ముందు లారీ, వెనక లారీ, కదలని ఆటో.
మొదటిసారి చరణం విన్నాను.
నిజం చెప్పాలంటే, అంత గొప్పగా లేదు.
కానీ పీరావలి లోపల్లోపల కలిపి పాడాడు,
ఒక్క మాట తప్పకుండా,
పక్కనున్న ముసలాయన దగ్గు కూడా ఆపుకున్నాడు.

దిగేటప్పుడు అడిగాను:
"కార్డులు యాడ కొంటావన్నా?"
"ఏ కార్డులు?" అన్నాడు,
ఊడిన అగ్గిపుల్లను మళ్లీ గుచ్చుతూ.

షాపులో ఓనరు గోడ గడియారం చూపించాడు.
నేను ప్రసూన చెప్పిన టైము చెప్పాను.
అది ఎప్పుడూ నాలుగు నిమిషాలు వెనకే.