గేటు పక్క బడి

మా బడికి గోడలు రెండే.
మూడోది జీడి ఫ్యాక్టరీ,
నాలుగోది రైలు.

పద్దెనిమిదేళ్లు ఆ నాలుగింటి మధ్య తెలుగు చెప్పాను.
బాయిలర్ రాజుకునే వేళకి ఒక గొంతు,
కటింగు మిషన్లు కలిసేసరికి ఇంకో గొంతు,
రేకుల మీద వాన పడితే
మెడ నరాలు పద్యం చదివేవి.
గూడ్సుకి మాత్రం తలొగ్గేదాన్ని.
"సంధి" అని ఆగి,
యాభై ఎనిమిది పెట్టెలూ దాటాక
"కార్యం" అనేదాన్ని.
మధ్యలో పిల్లలు లెక్కలు నేర్చుకున్నారు.

ఇంట్లో ఉప్పు అందుకోమంటే
"ఎందుకే అంత కోపం?" అనేవాడు మా ఆయన.
ఫ్యాక్టరీని వెంట తెచ్చుకున్నానని
నాకైనా తెలిస్తే కదా చెప్పడానికి.
ఆదివారం కూడా అది నా గొంతు దిగేది కాదు.

మాఘమాసంలో ఓ పొద్దున "పిల్లలూ" అంటే
"పి" ఒక్కటే వచ్చింది.
శ్రీకాకుళం డాక్టరు సన్నటి గొట్టం దించి
తెర మీద చూపించాడు,
ఎదురెదురుగా రెండు బుడిపెలు, నూకగింజలంత.
"ఎక్కడ పని?"
కాశీబుగ్గ, గేటు పక్క అని కాగితం మీద రాశాను.
ఆయన ఇంకేమీ అడగలేదు.
మూడు వారాలు మాట వద్దు,
గుసగుస అసలే వద్దు.

సెలవు దొరకలేదు. సుద్దముక్క పట్టుకుని వెళ్లాను.
"ఈవేళ నాకు గొంతు లేదు" అని బోర్డు మీద రాస్తే
ఢిల్లేశ్వరి లేచి చదివింది,
చెవిలో చెబుతున్నట్టు.
వాళ్ల గొంతులకి ఏ జబ్బూ లేదు, అయినా
నలభై ఒక్కటీ నాతోపాటు దిగిపోయాయి.
దానేసు రబ్బరు కోసం వేలు చూపించాడు,
అడగలేదు.

అప్పుడు వినబడింది
మిషన్ల మోత అడుగున ఏదో.
కిటికీ అవతల దాలమ్మ
కత్తెర ఆపకుండానే కేకేస్తోంది:
"ఏటే, మీ గుంటకి జొరం తగ్గిందేటి?"
అంత పెద్ద కేకలో
అంత చిన్న మాట.

ఢిల్లేశ్వరి పుస్తకంలోంచి తలెత్తలేదు.
"మాయమ్మ, టీచర్.
ఇంటికాడ కూడా అలగే అరుస్తాది.
తిడతందనుకున్నాను."

గూడ్సు వచ్చింది.
ఆపడానికి నా దగ్గర మాటేదీ లేదు.
అందరం పెట్టెలు లెక్కపెట్టాం.

ఇప్పుడు గొంతు వచ్చింది, కాస్త చిన్నది.
చివరి బెంచీ దాకా వెళ్లదు.
సోమవారం చూస్తే
చివరి బెంచీ ముందుకి జరిగి ఉంది.
నేల మీద ఈడ్చిన గీతలు రెండు.
ఎవరు జరిపారని
నేను అడగలేదు.