చెట్టుండిన చోటు నుంచి

మా వాడలో ఇళ్లకు నంబర్లు లేవు.
చిన్న చెట్టుండిన చోటు నుంచి
సరస్సు వైపు రెండు వీధులు,
కిందికి సగం.
మనాగ్వాలో కిందికి అంటే పడమర.
చెట్టు నేను పుట్టకముందే పోయింది.
ఉత్తరాలు పంచే ఎవుదోరో మాత్రం
ఆ లేని చెట్టు కింద సైకిలాపి
చెమట తుడుచుకుని లెక్క మొదలెడతాడు.

నిన్న మందుల షాపు పేజీలన్నీ
కొత్త సర్వర్‌కి మార్చాను.
దగ్గుమందు బొమ్మ ఉండాల్సిన చోట
చిరిగిన కాగితం గుర్తు.
ప్రతి లింకూ ఒకటే పాట:
పక్క గదిలో, ఒక మెట్టు పైన.
దేనికి పక్కన? ఎవరి మెట్టు?

పదకొండైంది. రెండుసార్లు కరెంటు పోయొచ్చింది.
పేజీ తలకట్టులో, లింకులన్నిటికంటే ముందు
బేస్ అని ఒక్క వరుస, పూర్తి చిరునామాతో:
దారి అడిగేవాళ్లంతా
ఇక్కణ్ణించి లెక్కపెట్టుకోండి.
బొమ్మలు ఒక్కటొక్కటే వచ్చాయి
కాఫీ వాసనకి లేచొచ్చే ఇంటిల్లిపాదిలా.

తెల్లారి దోన్యా యెల్బా ఫోను:
"పేజీ పైకి పో అని నొక్కితే
దుకాణం గుమ్మంలోకి తోసేస్తోందేం పిల్లా?"
నిజమే.
మొదలెక్కడో ఒకసారి ఒప్పుకున్నాక
కూచున్నచోటే కాస్త పైకి జరగాలన్నా
అక్కడికే పోవాలి.

దిద్దుతూ ఉండగా ఎవుదోరో వచ్చాడు.
కరెంటు బిల్లు నా చేతిలో పెట్టబోయి
దాని వెనక పెన్సిల్‌తో తను రాసుకున్న గుర్తు
బయటికి చదివాడు:
"మందుల షాపు ఉండిన చోటు నుంచి
కొండవైపు మూడిళ్లు."
"ఉండినదేంటి, ఉందిగా!" అన్నాను.
"ఉండనీ," అన్నాడు సైకిలు తిప్పుకుంటూ,
"ఇప్పుడే రాసిపెడితే
రేపు మార్చక్కర్లేదు."