చివరి దువ్వెన

మా ముత్తాతకి ముత్తాత చేసిన మొదటి దువ్వెన
దుప్పి కొమ్ముది.
దానికోసం ఏ దుప్పీ చావలేదు.
మంచు కరిగే నెలలో అడవి తనంతట తాను రాల్చిన కొమ్ము,
మ్యూజ్ నది ఒడ్డున బురదలో దొరికిందట.

అప్పటి రాజు డాలు మీద నిలబడ్డాడు.
కింద నలుగురు మోస్తుంటే, పడిపోకుండా,
మూడుసార్లు సైన్యం చుట్టూ తిరిగాడు.
నడుము దాకా జుట్టు. నెత్తురంటి అట్టలు కట్టిన జుట్టు.
చిక్కు తీయబోతే
"నెమ్మదిగా," అన్నాడట,
"రాజ్యం ఇందులోనే ఉంది."

ఆ ఇంట పుట్టినవాళ్ళకి కత్తెర తగలకూడదు.
పుట్టుజుట్టుతోనే పెళ్ళి, పట్టం, పాడె.
మూలపురుషుడు సముద్రపు ఎద్దుకు పుట్టాడని
వాళ్ళే చెప్పుకునేవారు.
మేం కాదనలేదు.
దువ్వెనకి డబ్బిచ్చేవాడి తాత ఎవరైతే మాకేం.

తర్వాత నలుగురు అన్నదమ్ములు, నాలుగు కొలువులు,
నాలుగు దువ్వెనలు.
మా ఇంట్లో అంత తిండి మళ్ళీ ఎప్పుడూ లేదు.
ఆపైన ఒక్కో శీతాకాలం ఒక్కో దువ్వెన తగ్గింది.
అన్న కొడుకుల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని
పినతండ్రులు ముద్దుగా అడిగేవారు:
కత్తా, కత్తెరా?
కత్తెర అన్నవాడు మఠంలో ముసలివాడయ్యాడు.
కత్తి అన్నవాడి దువ్వెన
కొత్తదిలాగే మాకు వెనక్కొచ్చింది.

నాన్న కాలానికి రాజులు పెరగడం మానేశారు.
జుట్టు మాత్రం పెరిగింది.
పన్నెండేళ్ళ రాజు, ఏడేళ్ళ రాజు,
పేరు నోటికి పట్టేలోగా పోయిన రాజు.
వాళ్ళ జుట్టు ఎవరి చేతిలో ఉందో నాన్నకి తెలుసు,
డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది కొలువు పెత్తందారే కనుక.
భూములు ఆయనవి, గుర్రాలు ఆయనవి, యుద్ధాలు ఆయనవి.
రాజుగారికి ఒక ఎడ్లబండి,
ఏడాదికొక్క ఊరేగింపు,
రాయబారులకి చెప్పాల్సిన జవాబులు, ముందే నేర్పినవి.
జుట్టుంటే ఏ కొప్పైనా పెట్టుకోవచ్చంటారు కదా,
జుట్టు తప్ప ఏమీ లేకపోతే? అని నాన్న నవ్వేవాడు,
తలుపు వేసి ఉన్నప్పుడు.
చిన్నప్పుడు నేనూ చూశాను:
బండి కుదుపుకి రాజుగారి తల ఊగితే
జనం దాన్నే అవును అనుకున్నారు.

పోయిన కోతలప్పుడు నాకు కబురొచ్చింది.
రెండు వరసల పళ్ళుండాలి, ఒకవైపు సన్నం, ఒకవైపు వెడల్పు,
నడిమి పట్టీ మీద ముఖాముఖి రెండు పక్షులు.
ఎనభై రెండు పళ్ళు.
ఒక్కటి విరిగినా మళ్ళీ మొదటికే.
చలికాలమంతా కోసిన కొమ్ముపొడి
ఇంకా నా దగ్గులో ఉంది.

తీసుకెళ్ళేసరికి ముంగిట్లో ఒక పీట.
పీట చుట్టూ జుట్టు,
గొర్రెల ఉన్ని కత్తిరించిన చోటులా,
కాకపోతే ఎవరూ మూటగట్టడం లేదు.
వాకిలి కాసే ఎర్చెన్‌గార్ చీపురు పట్టుకున్నాడు.
"ఎవరిది?" అన్నాను, తెలిసే.
"ఇక ఎవరిదీ కాదు," అన్నాడు.
"పొద్దున్నే బండెక్కించారు. మఠానికి.
తలకి చలేస్తోందని టోపీ అడిగాడు, పాపం.
ఎవరి దగ్గరా లేకపోయింది."

రెండొందల యాభై ఏళ్ళు
వెంట్రుక వెంట్రుకా విడదీసిన మా వంశం
ఏం చెయ్యాలో తోచక
చీపురుకి దారిచ్చి పక్కకి జరిగింది.

కొత్త రాజుగారిది పొట్టి జుట్టు.
వేళ్ళతో వెనక్కి తోసుకుంటాడు.
ఆ తల మీద బిషప్పులు నూనె పోశారట, అదీ చాలట.
ఆయన మనిషి నా దువ్వెన వెలుగులోకి పట్టి చూసి
తిరిగిచ్చేసి,
తూకంరాళ్ళు చెక్కగలవా అన్నాడు.
చెక్కగలనన్నాను. పిల్లలున్నారు.

ఇల్లు చేరేసరికి చీకటి.
మా చిన్నది రాద్‌లిండ్
పొయ్యి దగ్గర తల గోక్కుంటోంది.
ఒళ్ళో కూర్చోబెట్టుకుని
రాజుగారి దువ్వెన, సన్నపళ్ళ వైపు, పెట్టాను.
మొదటి దువ్వుకే మూడు పేలు.
"నెమ్మదిగా," అంది.