ఆరున్నొక్కటి

ఎర్రనీళ్ళొచ్చిన మూడో రోజు
లాకుల మీదికొచ్చిందావిడ,
వీపున సంచీ, సంచీకి వేలాడే ఇనప కొక్కెం,
మోకాళ్ళ మీద పాత గాట్లు.
పేరడిగితే చినాత్సు అంది.
మా నోటికి ఆ చివరక్షరం బరువు.
టీ చల్లారేలోపు చిన్నమ్మైపోయింది.

జపానులో తను చేసే పని
ఫోను చెప్పింది, పంతులుగారి తెలుగులో:
"నేను జలము వెంట మనుష్యులను దింపుదును."
దింపుదువా? ఎక్కణ్ణించి? ఎందుకూ?
బొమ్మలు చూపించింది.
రెండు కొండల మధ్య చీరమడతంత సందు,
తలకి గట్టి టోపీలు, ఒంటికి రబ్బరు తొడుగులు,
తాడు పట్టుకుని జలపాతం నడినెత్తి మీంచి
జారుతున్న జనం.
డబ్బులిచ్చి మరీనంట!
చేతులు గుండెల మీద కట్టుకోవాలి,
మడమలు కలపాలి,
కిందికి కాదు, ఎదురుగా చూడాలి,
ఆపైన నీళ్ళ ఇష్టం.
ముందు తను దిగుతుంది.
లోతు చూసి, చెయ్యెత్తి రమ్మంటుంది.

ఆఖరి మడుగు దగ్గర అందరూ వేనెక్కి
వేడి టీ తాగి వెళ్ళిపోతారు.
పన్నెండేళ్ళు అలాగే.
"పిదప జలము ఏమి చేయును? చూడలేదు."
అందుకని మా గోదారికొచ్చింది,
కొండ దిగిపోయిన నీళ్ళు
ముసలితనంలో ఎలా ఉంటాయో చూడ్డానికి.

"ఇచ్చట ఎక్కడ పడును?"
నవ్వొచ్చింది నాకు.
మైలు నడిచినా మూరెడు వాలని నేలమ్మా ఇది.
ఇక్కడ నీళ్ళు పడవు, నానుతాయి.
చేనుచేనుకీ ఆగి,
గుర్రపుడెక్క మెడలో వేసుకుని
నిద్రలో నడిచినట్టు సముద్రానికి పోతాయి.
పడేది ఇదొక్కచోటే,
ఈ తలుపుల కింద, ఆరడుగులు.
దానికి కాపలా నేను.
నాన్న పోయాక ఆయన గొడుగూ, తాళాలగుత్తీ,
లస్కరు ఉద్యోగమూ నాకిచ్చారు.
ఆడదానివి, తలుపు లేపగలవా అన్నవాళ్ళే
ఇప్పుడు నీళ్ళకోసం నన్నే పిలుస్తారు.

చిన్నమ్మ గట్టున గొంతుక్కూచుని
ఓ బాదమాకు పడేసింది.
ఆకు తలుపు దాటి దబ్బున పడి,
ముందుకి పోకుండా గోడ దగ్గరికి వెనక్కొచ్చింది,
మునిగింది, లేచింది, మళ్ళీ వెనక్కే.
నాలుగోసారి లేవలేదు.
ఆవిడ ఫోను తియ్యలేదు.
అరచెయ్యి అడ్డంగా ఊపింది: ఇక్కడ కాదు.
తెలుసని తలూపాను.
ఆ గోడ దగ్గరే మా నాన్న ఒకణ్ణి బయటికి తీశాడు,
నా పదో తరగతప్పుడు.

అప్పుడే వచ్చారు పులిదిండి కుర్రాళ్ళు,
ఆదివారం గదా,
దిగువ చప్టా మీంచి
ఒకడి వెనకొకడు ఎర్రనీళ్ళలోకి.
నేను నోరు తెరిచేలోపే దూకేశారు.
అరుపు మింగేసి తలలు లెక్కపెట్టాను, అలవాటు:
లాభం, రెండు, మూడు...
పక్కన ఆవిడా లెక్కపెడుతోంది,
ఇచి, ని, సన్, యోన్...
మా ఇద్దరి వేళ్ళూ ఒక తల మీంచి ఇంకో తలకి
ఒకేసారి గెంతుతున్నాయి.
గో. అయిదు.
రొకు. ఆరు.

ఆరు.

ఆవిడ చెప్పులెప్పుడు విప్పిందో చూళ్ళేదు.
తాడు నా చేతిలోకెలా వచ్చిందో తెలీదు.
నీళ్ళకి రంగు తప్ప ఇంకేమీ లేదు.

డెక్క కిందనించి,
చెవికి ఆకు తగిలించుకుని
కాసు వీరబ్బులు కొడుకు, పళ్ళికిలిస్తూ.
"ఆరున్నొక్కటి" అన్నాను.
తిట్లు తర్వాత తిట్టాను, వాడి తాతల దాకా.

సాయంత్రం ఫోను అడిగింది,
"ఏడు అను సంఖ్య ఏల పలుకలేదు?"
ఏడు అంటే ఏడవమన్నట్టమ్మా,
మా నాన్న ధాన్యం కొలిచినా ఆ మాట అనేవాడు కాదు.
చాలాసేపు చూసింది నా వంక.
వాళ్ళ భాషలో నాలుక్కి రెండు పేర్లంట.
ఒకటి చావులా వినిపిస్తుందని
కొండల్లో దాన్ని పలకదు.
"ఒక పర్యాయము పలికితిని" అంది ఫోను.
ఆపైన ఏదో అనబోయి
ఫోను బోర్లా పెట్టేసింది ఆవిడే.
కొక్కేన్ని తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ కూచుంది.

పొద్దున్నే అంతర్వేది బస్సెక్కింది.
నాకు తలుపు లేపమని కబురొచ్చింది.
కొంగు దోపుకుని చక్రం పట్టాను:
లాభం, రెండు, మూడు,
యోన్.